భోజనాల బల్ల మీద డిఫరెన్షియల్

ప్రతి ఇంట్లోనూ విప్పేసిన డిఫరెన్షియల్ ఒకటి ఉండి తీరాలని నా దృఢమైన అభిప్రాయం. లేని ఇళ్ళను చూస్తే నాకు జాలి. పాపం, వాళ్ళు భోజనాల బల్ల మీద భోజనం చేస్తారు!

డిఫరెన్షియల్ అంటే ఏమిటా అని బుర్ర గోక్కోకండి. నేనూ మొన్నమొన్నటిదాకా గోక్కున్నదాన్నే. పాతకాలం కార్ల కింద, వెనక చక్రాలు రెండింటి నడుమ, గుమ్మడికాయంత ఇనపగుండు ఒకటుంటుంది. దాని కడుపు నిండా పళ్ళచక్రాలు. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. ఎవరి నడక వాళ్ళను నడవనిస్తూనే ఇద్దరినీ ఒకే బండికి కట్టి ఉంచడం దాని పని. సంసారులకు ఇంతకన్నా మంచి పాఠం ఉందా, చెప్పండి?

ఈ భాగ్యం మాకు మా నాన్న కారు వల్ల పట్టింది. చూపు మసకబారి ఇక నడపలేనని తేలాక ఆయన తాళం నా చేతిలో పెట్టి, "ఇక నువ్వే నడపాలమ్మా" అన్నారు. నాకు లైసెన్సు ఉంది, సరదా ఉంది. మా ఆయన మాత్రం కారు చుట్టూ ఓసారి తిరిగి, చెవి ఆనించి విని, "వెనకాల మూలుగుతోంది. డిఫరెన్షియల్ బాగుచేశాక నడుపుదువుగానిలే" అన్నారు.

అంతే, మా ఇంటికి మహర్దశ పట్టింది!

గరిటె ఎక్కడుంటుందో ఎరగని మనిషికి ఇప్పుడు వంటింట్లో ప్రతి గిన్నే కంఠతా వచ్చు. జల్లెడలో నట్లు, టీ కప్పుల్లో బోల్టులు, పెద్ద బేసినులో కిరోసిన్ స్నానం చేస్తున్న గేర్లు. మగవాళ్ళు వంటింటి ముఖం చూడరని నింద వేసేవాళ్ళు మా ఇంటికి వచ్చి చూడాలి.

బేరింగు వేడెక్కితే ఉబ్బుతుందట, ఇరుసు చల్లబడితే సన్నబడుతుందట, అప్పుడు ఒకదాంట్లోకి ఒకటి సుతారంగా దూరుతుందట. కనుక బేరింగు ఓవెన్‌లో, పినియన్ అనే చిన్న పళ్ళచక్రం తన ఇరుసుతో సహా ఫ్రీజర్‌లో. ఓసారి మా అత్తగారు ఆశగా ఓవెన్ తలుపు తీశారు.

"ఏంటమ్మా ఇది, కేకా?"

"బేరింగండీ."

"ఉడికిందా?"

"మీ అబ్బాయినే అడగాలి."

ఆవిడ తలుపు మూసేసి, ఓ ఎండు బ్రెడ్డు ముక్క నమిలి పడుకున్నారు. డాక్టరు ఎంత మొత్తుకున్నా తగ్గని ఆవిడ బరువు ఈ మధ్య తగ్గింది. ఇదీ డిఫరెన్షియల్ చలవే!

పెద్ద చక్రం పళ్ళూ చిన్న చక్రం పళ్ళూ సరిగ్గా కలుస్తున్నాయో లేదో తెలియాలంటే, పళ్ళకి రంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూడాలి. కుదరలేదా? మళ్ళీ విప్పి, కాగితమంత పల్చటి వాషరొకటి దూర్చి, మళ్ళీ బిగించాలి. రంగు అయిపోయిన రోజున నా లిప్‌స్టిక్ వాడారు. టార్చి వేసి, భూతద్దం పెట్టి, "ఎంత ముద్దుగా పడిందో చూడు!" అని మురిసిపోయారు. నా లిప్‌స్టిక్‌ను ఆయన అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు. కుళ్ళుకున్నానా? కుళ్ళుకున్నాను. దాచడమెందుకు!

"నేను నడిపేదెప్పుడు?" అని అడిగినప్పుడల్లా, "ఇంకొక్క వాషరు" అనేవారు. వీడియోలో ఎవరో గడ్డమాయన తొందరపడొద్దన్నాడట. ఆ గడ్డమాయన మాట మా ఇంట్లో వేదవాక్కు.

మొన్న ఆదివారం ఎట్టకేలకు అంతా బిగించారు. తొలి సవారీ ఆయనదే, అడిగే పనేముంది? మొదటి గేరు వేస్తే కారు ఠీవిగా వెనక్కి నడిచింది. రెండో గేరు వేస్తే మరింత హుషారుగా వెనక్కి నడిచి పూలకుండీల్లో ఆగింది. పెద్ద చక్రాన్ని పినియన్‌కి ఓ పక్క బిగించాల్సింది, అవతలి పక్క బిగించారు మహానుభావులు! ముందుకెళ్ళే గేర్లన్నీ వెనక్కి, వెనక గేరొక్కటే ముందుకి.

"మళ్ళీ విప్పాలి" అన్నారు నిట్టూరుస్తూ. కానీ ఆ కళ్ళల్లో మెరుపు నేను చూశాను. చూసి ఒళ్ళు మండింది.

"దిగండి."

"ఏంటీ?"

"దిగి పక్క సీట్లో కూర్చోండి. వెనక గేరులో ముందుకి పోతుందిగా, నాకు చాలు."

"అది నడకకన్నా నెమ్మదే!"

"పోనివ్వండి."

అత్తగారు అడక్కుండానే వెనక సీటెక్కేశారు. వీధి చివర మలుపు తిప్పాను. మూలుగు లేదు, కుదుపు లేదు. ఆయన చెవి రిక్కించి విని, "ఎంత మెత్తగా తిరిగిందో!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నాకూ నవ్వాగలేదు. పనిమంతుడే, కాదనను. ఇన్నాళ్ళూ ఆయన నా కారు బాగుచేస్తున్నారనుకున్నాను. నా వంతు వాయిదా వేస్తున్నారని స్టీరింగు పట్టుకున్నాకే తెలిసింది.

వచ్చే ఆదివారం విప్పుతారట. విప్పమనండి! ఆ పూట కారు ఇంట్లో ఉంటే కదా. నాన్నను షికారుకి తీసుకెళ్తానని మాటిచ్చాను. ఈ నడకన పొద్దున్నే బయల్దేరితేగాని సాయంత్రానికి ఇల్లు చేరం.