పీపా నోటికి కొలత

ఆ ఉదయం వేసుకున్న పథకంలో భయపడాల్సింది ఏమీ లేదు. కూతురు కొత్తగా తెరిచిన హోటలుకు ఒంటిగంటకు అచ్చాఫీసు వాళ్ళు ముప్పైమంది వస్తారు. వాళ్ళ ఫోర్‌మన్‌గారి పదవీ విరమణ విందు. భోజనం, చల్లటి బీరు నచ్చితే ఇకపై ప్రతినెలా విందు ఇక్కడేనని వాళ్ళ మేనేజరు మాటిచ్చాడు. నచ్చకపోతే పక్కవీధి హోటలు ఎలాగూ ఉంది. ఇంత మామూలు పథకంలోనూ భయపడడానికి తల్లికి ఒక వస్తువు దొరికింది. వంటింటి మూల నిలబెట్టిన బీరు పీపా.

"దీనికి కొళాయి లేదేమే? బీరు బయటికెలా వస్తుంది?"

"ఈ కప్లర్ దాని నోటికి బిగించాలమ్మా. దీన్లోంచి గ్యాసు లోపలికెళ్తుంది, బీరు పైకొస్తుంది."

గ్యాసు అన్న మాట వినగానే తల్లి పొయ్యి ఆర్పేసింది.

"ఇప్పుడు పొయ్యెందుకు ఆర్పావు?"

"ఎందుకైనా మంచిది."

కూతురు పొయ్యి మళ్ళీ వెలిగించి, కప్లర్‌ను పీపా మీద పెట్టింది. అది నోటికి అమరలేదు. ఆమె దగ్గరున్నది తిప్పి బిగించే రకం. పీపా నోరేమో పలకలా చదునుగా ఉంది, అంచుల్లో గాడి ఉంది. పీపా పంపిన బీరు డిపోకు ఫోన్ చేస్తే, "ఒక్కో పీపాది ఒక్కో రకమండీ. మీది ఏ రకమో చూసుకుని, వచ్చి కప్లర్ మార్చుకెళ్ళండి" అని పెట్టేశారు.

"నేనెళ్తా," అంది తల్లి.

"సరే, ఫొటో తీసిస్తా. చూపించు."

"ఫొటోలో లోతు తెలుస్తుందా? వెంట్రుకవాసి తేడా వస్తే ఆ గ్యాసు ఊరుకుంటుందా?"

బట్టలు కుట్టించాలంటే ఆదికి పాతబట్ట పట్టుకెళ్ళే మనిషి ఆవిడ. కూతురు ఉల్లిపాయల వైపు తిరగగానే, బన్నుల కోసం కలిపి ఉంచిన పిండిలోంచి ఒక ముద్ద తీసి పీపా నోటి మీద గట్టిగా అదిమింది. అచ్చు పడ్డ ముద్దను డబ్బాలో పెట్టుకుని బస్సెక్కింది. బస్సులో ఎండంతా ఆవిడ ఒళ్ళోనే, డబ్బా మీదే పడింది.

డిపోలో కప్లర్లిచ్చే ఆయన డబ్బా తెరిచి ముద్దను వేలితో నొక్కి చూశాడు.

"అమ్మగారూ, ఇది పీపా నోరా, దిండా?"

"నోరే బాబూ. ఒత్తి తెచ్చాను, కొలత తప్పదు."

ఆయన టేపు పెట్టాడు. ఇంకో ఇద్దరిని పిలిచాడు. గోడకు వేలాడే కప్లర్లు ఒక్కొక్కటే తెచ్చి ముద్ద మీద ఆనించి చూశారు. అన్నిటికన్నా పెద్దది కూడా చిన్నదే అయింది.

"ఇంత నోరున్న పీపా మేమెక్కడా చూళ్ళేదండీ."

"పొద్దున ఇంత లేదయ్యా!"

అని, ఆవిడ అక్కడే కొయ్యబారిపోయింది. ఏళ్ళతరబడి బన్నులు చేస్తున్న మనిషికి పిండి పొంగుతుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. దానికంటే ముందు భయం వచ్చి కూర్చుంది. కొలత తప్పు కాదు కాబట్టి, తప్పు పీపాదే. వెంటనే ఫోన్ తీసింది.

అవతల విందువాళ్ళు అప్పుడే కుర్చీల్లో సర్దుకుంటున్నారు. చేతులు తడిగా ఉండి కూతురు స్పీకరు నొక్కింది.

"ఏమే, పీపా ఉబ్బుతోంది! అందరినీ బయటికి పంపించేయ్!"

ముప్పై కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి.

తాను పంపిన పీపా ఉబ్బుతోందంటే తన ఉద్యోగానికే ఎసరని డిపో ఆయనకు అర్థమైంది. కప్లర్లన్నీ సంచిలో వేసుకుని, తల్లిని వ్యానెక్కించుకుని బయల్దేరాడు. వాళ్ళు వచ్చేసరికి జనమంతా రోడ్డు మీదున్నారు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు.

"అయిదు నిమిషాలు చూస్తానమ్మా. ఆ తర్వాత పక్కవీధికే," అన్నాడు. కూతురు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంతకీ ఫోర్‌మన్‌గారేరీ?" అన్నారెవరో.

అందరూ వంటింటి కిటికీ దగ్గరికి పరిగెత్తారు. విందు ఎవరికోసమో ఆ పెద్దాయన లోపల పీపా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు మీదికి కళ్ళద్దాలు దించుకుని, గుండుసూదితో ఏదో గీకుతున్నాడు.

"ఉబ్బలేదు, గిబ్బలేదు. గాడిలో ఎవరో పిండి కుక్కారు. అక్షరాల్లో సిరా గడ్డకడితే తీసినట్టు తీస్తున్నా. వెలుగుకు అడ్డం రాకండి."

కూతురు నెమ్మదిగా తల తిప్పింది. "అమ్మా?"

"కొలత కోసమేనే," అంది తల్లి, పక్కవాళ్ళకు వినపడనంత చిన్నగా.

డిపో ఆయన లోపలికెళ్ళి పీపాను చూసి నుదురు కొట్టుకున్నాడు. "చదును నోరు. పక్కనుంచి తోసే రకం. ఫొటో చూపిస్తే చాలుగదండీ!"

"ఇలా తే, నేను తోస్తా," అన్నాడు ఫోర్‌మన్. కప్లర్ గాడిలో జారి టక్కున ఆగింది. గ్యాసు తిప్పి పిడి కిందికి నొక్కారు. తల్లి చెవులు మూసుకుంది గానీ కళ్ళు మూసుకోలేదు. ముందు నురగ, తర్వాతా నురగే, ఆ తర్వాత తేటగా బంగారు రంగు. కిటికీ బయట చప్పట్లు మోగాయి.

"ఇన్నేళ్ళ సర్వీసులో నా పనిని ఒక్కడూ నిలబడి చూళ్ళేదమ్మా," అన్నాడు ఫోర్‌మన్, గుండుసూది తుడుచుకుంటూ. "ఇవాళ ముప్పైమంది చూశారు."

మేనేజరు గ్లాసు అందుకుని తల్లి దగ్గరికొచ్చాడు. "వేరేచోట్ల విందంటే తినేసి ఆవలించేవాళ్ళం. ఇక ప్రతినెలా ఇక్కడేనండీ. వచ్చే నెల ఇంకో పదిమందిని తెస్తాం."

కూతురు సంతోషంతో తల్లిని వాటేసుకుంది. పదిమంది పెరిగితే పీపాలు రెండవుతాయని తల్లి అప్పటికే భయపడడం మొదలుపెట్టింది.