రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు

సోమవారం పొద్దున కోచ్ వైకుంఠం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీమంతా ఉప్పుగూడలోని తన ఇంటికి వస్తుంది. ఒక్కొక్కరూ రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు తింటారు. తర్వాత కాలేజీ వ్యానులో మొఘల్‌పురాలోని తమ కాలేజీ గ్రౌండుకు వెళ్లి, పదకొండింటికి ఇంటర్ కాలేజీ వాలీబాల్ ఫైనల్ ఆడి గెలుస్తారు. ప్లానులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఆ రోజు బోనాల మర్నాడు అన్నది ఒక్కటి తప్ప.

వానల వల్ల వాయిదా పడుతూ వచ్చిన మ్యాచికి ఆ తేదీ పెట్టినవాళ్లు ఎవరో గానీ, పాతబస్తీలో ఉండేవాళ్లు మాత్రం కారు. ఆదివారం అమ్మవారికి బోనం ఎత్తాక సోమవారం ఇక్కడ ఇంటింటా మాంసం ఉడుకుతూనే ఉంటుంది. ఆ రోజు గడప తొక్కిన మనిషి తినకుండా వెళ్లిపోయాడంటే ఆ ఇంటివాళ్లకు అంతకన్నా తలవంపు లేదు. పిల్లలు సొంత ఇళ్లలో ఉంటే మెడదాకా తిని వస్తారన్న భయంతోనే వైకుంఠం వాళ్లను పొద్దున్నే తన ఇంటికి రమ్మన్నాడు. తన ఇంట్లో కూడా ఒక తల్లి ఉందన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాడు.

కంగారు ఆయనకు కొత్త కాదు. పిల్లలు చాటుగా ఆయన్ని ఫికర్ సార్ అంటారు. బంతిలో గాలి ఎక్కువైందని ఒక ఫికర్, తక్కువైందని ఇంకో ఫికర్. ఈసారి మాత్రం దానికి సరైన కారణమే ఉంది. కాలేజీ సెక్రటరీ అమరనాథ్ పోయిన వారం పిలిచి, కూర్చోమని కూడా అనకుండా చెప్పేశాడు.

"చూడు వైకుంఠం, ఏటేటా నీ కాంట్రాక్టు పొడిగించుకుంట వస్తున్న. ఒక్క కప్పు లేదు. ఈసారి గెలిస్తే నిన్ను పర్మనెంట్ చేస్త. ఓడితే గ్రౌండును పక్క ఫంక్షన్ హాలోళ్లకు పార్కింగుకు ఇస్త. పార్కింగుకు కోచ్ అవసరం లేదు కదా."

వైకుంఠం ఆ గ్రౌండులోనే ఆడి పెద్దవాడయ్యాడు. అక్కడి రాళ్లు ఏరింది, సున్నంతో గీతలు గీసింది, చిరిగిన నెట్టుకు ముడులు వేసింది ఆయనే. కింద అసిస్టెంట్ అంటూ ఎవరూ లేకపోయినా అందరూ హెడ్ కోచ్ అనే పిలిచేవారు. ఆ గ్రౌండు పోతే తనకు ఇంకో పని చేతకాదని ఆయనకు బాగా తెలుసు. ఆదివారం గుడిలో దండం పెట్టుకుంటుంటే కూడా కళ్ల ముందు కార్లే వరసగా నిలబడి కనిపించాయి.

తల్లి రుక్మాబాయి వంటింట్లోంచి బయటికి వచ్చి, ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని వరండాలో కూర్చున్న పొడుగాటి పిల్లలను చూసింది. తర్వాత కొడుకును చూసింది.

"బోనాల పూట ఇంటికొచ్చిన పోరగాండ్లకు ఇడ్లీ పెడ్తున్నవా? వీళ్లకేమన్న జరమొచ్చిందా?"

"జరం కాదమ్మా, ఫైనల్. కడుపు నిండితె ఎగరలేరు."

"కడుపు ఎండితె ఎగుర్తరా? చీకట్ల లేసి బగారన్నం, బోటి, తలకాయ కూర జేసిన. వీళ్లు ఇడ్లీ తిని పోతె గల్లీల నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

టీమ్ కెప్టెన్ సీమోను అప్పటికే బోటి వాసన వస్తున్న వైపుకు తిరిగి కూర్చున్నాడు. వైకుంఠం అది గమనించి, ఇంకాస్త ఆలస్యమైతే టీమ్ చేయి జారుతుందని హడలిపోయాడు.

"సరేనమ్మా. ఆట అయినంక తింటరు. అంతా గ్రౌండుకే పంపు."

"పంపుత," అంది రుక్మాబాయి.

తల్లి అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. దాంతో ఆ ఫికర్ కూడా తోడయింది. తన వంతు ఇడ్లీలు ముట్టకుండానే పిల్లలను వ్యాను ఎక్కించాడు.

వ్యాను రెండు మలుపులు తిరగకముందే పోలీసులు ఆపేశారు. మధ్యాహ్నం అమ్మవారి ఘటాల ఊరేగింపు ఉంది, బారికేడ్లు పెట్టేశారు, పెద్ద బండ్లు పోవు. గల్లీల్లోంచి నడిచి వెళ్లమన్నారు. వైకుంఠం వాచీ చూసుకున్నాడు. టైం ఉంది. భయమంతా ఆ గల్లీలంటేనే. అక్కడ ఆయన్ని ఎరగని ఇల్లు లేదు.

మొదటి గల్లీలోనే పాల డెయిరీ ముందు మేనమామ ఎల్లయ్య దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఏంది అల్లుడా, నన్ను చూడనట్టె పోతున్నవ్?"

"మామా, ఫైనల్ ఉంది. లేటైతది."

"కానియ్యి. పోరగాండ్లు ఒక్క ముద్ద తిని పోతరు. వాకిట్లకొచ్చి ఉత్త చేతుల్తోని పోయిన్రని తెలిస్తె మా అక్క నన్ను బతకనిస్తదా?"

వైకుంఠం వాచీ చూపించబోతుండగా ఫోను మోగింది. సెక్రటరీ. వైకుంఠం ఫోన్ చెవిన పెట్టుకుని గల్లీ మూలకు నడిచాడు.

"వైకుంఠం, ఏడున్నవ్? ట్రాఫిక్ బంద్ అయితదని అవతలి టీం పొద్దుగాలనే వచ్చి కూసుంది. మనోళ్లేరి?"

"వస్తున్నం సార్. దగ్గర్లనే ఉన్నం సార్."

సెక్రటరీకి నచ్చజెప్పి తిరిగి వచ్చేసరికి పిల్లలు పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

"ఒక్క ముద్దే సార్," అన్నాడు సీమోను, మూతి తుడుచుకుంటూ. పక్కన విస్తరాకుల కుప్ప వేరే మాట చెబుతోంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎల్లయ్య ఇంట్లో తిన్నారన్న కబురు వాళ్లకన్నా ముందే పక్క గల్లీకి చేరింది. నాగమణమ్మ కొంగు నడుముకు దోపుకుని ఎదురొచ్చింది. "ఎల్లయ్య ఇంట్ల తిన్నరంట. మా ఇంట్ల విషం బెడ్తమా సారూ?" అని అడిగింది. పిల్లలు అప్పటికే బూట్లు విప్పుతున్నారు. అక్కడ తిన్నాక ఆ మలుపులోనే సీమోను వాళ్ల ఇల్లు. వాళ్ల అమ్మ కృష్ణమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మేం చర్చికి పోయెటోళ్లం, మాకు బోనాలు లేవు సార్. సెలవు దినం కదా అని బిర్యానీ చేసిన. ఊరందరి ఇండ్లల్ల తిని కన్నతల్లి దగ్గర తినకుంట పోతడా నా కొడుకు?"

వైకుంఠం దండం పెట్టాడు, బతిమాలాడు, చివరికి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయనకు ఎక్కడా ముద్ద దిగలేదు. ప్రతి ఇంట్లోనూ ఆయన వంతు కూడా నందు తినేశాడు. నందు టీములో మెయిన్ స్మాషర్. వాడు ఎంత ఎత్తు ఎగిరితే టీముకు అంత ఆశ. ఇప్పుడు వాడు కూర్చున్న చోటు నుంచి లేవడానికే ఇద్దరి భుజాలు పట్టుకున్నాడు.

ఎలాగో గ్రౌండు చేరారు. గేటు పక్కనే ఒక ఆటో, అందులో నాలుగు పెద్ద గిన్నెలు. మూతల మీద రుక్మాబాయి అని పేరు కొట్టించి ఉంది. గిన్నెలు ఖాళీ. ఆటో అతను వాటిని సర్దుతున్నాడు.

"ఏం భాయ్, ఇందుల అన్నం ఏమైంది?"

"ఖతం సాబ్. ప్లేయర్లకు పెట్టేసిన," అన్నాడు ఆటో నడిపే ఖాదర్ భాయ్ తృప్తిగా. "స్టాండుల ఉంటే ఆ అమ్మాజీ పిలిచి పంపింది. గ్రౌండుల పొడుగు పోరగాండ్లు ఉంటరు, వాళ్ల కోచ్ ఒకడు ఉంటడు, వద్దు వద్దని లొల్లి చేస్తడు, వాని మాట అస్సలు వినకు, కొసరి కొసరి పెట్టు అన్నది. సచ్చీ సాబ్, ఆ కోచ్ మస్తు లొల్లి చేసిండు. నేను వినలే."

వైకుంఠం ఖాళీ గిన్నెలోకి తొంగి చూశాడు. "ఆ లొల్లి చేసే కోచ్ నేనే భాయ్."

ఖాదర్ భాయ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మరి ఆయనెవరు?"

ఆయన అవతలి టీమ్ కోచ్ నగేష్. గచ్చిబౌలి దాటాక ఎక్కడో ఉన్న పెద్ద కాలేజీ నుంచి వచ్చాడు. ఆయన ఆటగాళ్లు కొత్త జెర్సీల్లో, బూట్ల లేసులు వదులు చేసుకుని, గోడకు చేరగిలబడి ఉన్నారు. ఇద్దరు నిద్రపోతున్నారు. నగేష్ కూడా చివరికి లొంగిపోయినట్టు ఆయన చేతి మీది మసాలా చెబుతోంది. అంపైరు పళ్ల సందుల్లో పుల్ల పెట్టుకుంటున్నాడు. నీడలో కుర్చీ వేసుకున్న అమరనాథ్ పళ్లెంలో అప్పటికింకా ఒక ఎముక ఉంది.

వైకుంఠం మనసు వేగంగా లెక్కలు కట్టింది. ఓడిపోతే పార్కింగు. గెలిస్తే, అవతలి టీముకు కావాలనే తిండి పెట్టి పడేశారని ఫిర్యాదు వస్తుంది, కప్పు వెనక్కి పోతుంది, ఆ తర్వాత ఎలాగూ పార్కింగే. ఇంతవరకు మ్యాచికి ముందు గెలవాలని మొక్కుకోవడమే తెలుసు. ఈసారి ఏం మొక్కుకోవాలో కూడా ఆయనకు తోచలేదు.

అంపైరు రెండు ప్రయత్నాల తర్వాత నెట్టు పక్కన ఉన్న ఎత్తు స్టాండు ఎక్కి ఈల వేశాడు. అవతలి టీములో అందరికన్నా పొడుగు పిల్లాడు మొదటి బంతికే గాల్లోకి లేచి బ్రహ్మాండంగా స్మాష్ కొట్టాడు. కిందికి దిగాక మాత్రం కడుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. దాని తర్వాత ఆ టీములో ఎవరూ ఎగరలేదు. ఎగరకపోతే వాళ్లకు ఇంకో ఆట రాదు.

వైకుంఠం పిల్లలూ ఎగరలేదు. కానీ వాళ్లు రాళ్ల నేల మీద ఆట నేర్చుకున్నవాళ్లు. అక్కడ ఎక్కువ ఎగిరితే కాలు మడత పడుతుంది. పైగా పెళ్లి భోజనం చేసి, దావత్ తిని, అదే పూట గ్రౌండుకు వచ్చి ఆడటం వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇద్దరి తిండి తిన్న నందు నెట్టు దగ్గర స్తంభంలా నిలబడి, వచ్చిన బంతినల్లా వేళ్ల కొసలతో ఖాళీ జాగాలోకి మెల్లగా తోశాడు. అవతలివాళ్లు అది పడుతున్న చోటును చూస్తూ ఉండిపోయారు. సీమోను సర్వీసు వేసేముందు ప్రతిసారీ ఒక త్రేన్పు తీశాడు. మూడు సెట్లలోనే వైకుంఠం టీమ్ మ్యాచ్ గెలిచేసింది.

పిల్లలు కేకలు వేస్తున్నారు. వైకుంఠం మాత్రం నగేష్ వైపే చూస్తున్నాడు. అనుకున్నట్టే ఆయన నేరుగా అమరనాథ్ దగ్గరికి వెళ్లాడు.

"సెక్రటరీ గారూ, మ్యాచికి ముందు మా ప్లేయర్లకు బలవంతంగా భోజనం పెట్టించింది ఎవరు? నేను కంప్లయింట్ ఇస్తాను."

అమరనాథ్ వైకుంఠాన్ని పిలిచాడు. "ఆ తిండి ఎవరింటిది?"

"మా ఇంటిదే సార్. మా అమ్మ పంపింది."

"గ్రౌండుకు పంపమని ఎవరన్నరు?"

ఖాదర్ భాయ్ మీదికి నెట్టేయవచ్చునని వైకుంఠానికి ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ మనిషి ఇంకా గేటు దగ్గర గిన్నెలు తుడుస్తూ తన వైపు నవ్వుతున్నాడు.

"నేనే అన్న సార్."

అమరనాథ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. ఇన్నేళ్లలో అలా చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి.

"నీ బుర్రల గింత ప్లాన్ ఉందనుకోలే వైకుంఠం."

"సార్, గది ప్లాన్ కాదు. నిజంగ..."

"గట్లనే చెప్పు. ఎవరడిగినా గిదే మొఖం పెట్టి గట్లనే చెప్పు."

తర్వాత నగేష్ వైపు తిరిగాడు. "బోనాల పూట వాకిట్లకొచ్చినోళ్లకు పెట్టుడు మా ఆచారం. కంప్లయింట్ రాసుకోండ్రి. మీరు బోటి ఎన్నిసార్లు వేయించుకున్నరో నేను పక్కనే కూసుని చూసిన, అది గూడ రాయండ్రి."

 నగేష్ చేతి మీది మసాలా చూసుకున్నాడు. కంప్లయింట్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

అమరనాథ్ ఆ మధ్యాహ్నమే పర్మనెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టాడు. అందరూ వెళ్లిపోయాక వైకుంఠం గ్రౌండు మధ్యలో సున్నం గీత మీద కూర్చున్నాడు. ఇంక ఇక్కడ కార్లు నిలబడవు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్లేసరికి రుక్మాబాయి గుమ్మంలోనే ఎదురైంది.

"అమ్మా, గెలిచినం. ఉద్యోగం పర్మనెంట్ అయింది."

"ఆటో ఆయన అంతా చెప్పిండు బిడ్డా. గిన్నెల ఒక్క మెతుకు మిగల్లేదంట. నా కడుపు నిండింది."

"నా కడుపే నిండలేదమ్మా. ఆకలి దంచుతుంది. బోటి ఏమన్న ఉందా?"

"ఏడిదిరా? మిగిలింది గల్లీలోళ్లు తిని పోయిన్రు. మీ మామ గూడ ఇప్పుడే తిని లేచిండు." రుక్మాబాయి లోపలికి వెళ్లి, మూత పెట్టిన ప్లేటు ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. "పొద్దుగాల నువ్వు ముట్టకుంట పోయినవి. తిను."

మూత కింద రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు ఉన్నాయి. ఆ రోజు ప్లాను ప్రకారం, దానికి ఒక్క మెతుకు ఎక్కువ కాకుండా తిన్నది టీమ్ మొత్తంలో హెడ్ కోచ్ ఒక్కడే.