బానెట్ మీద ఆవగింజంత గాయం

ప్రతి వీధికీ ఒక స్పోర్ట్స్ కారు తప్పనిసరి చెయ్యాలి. నవ్వులాటకి అనడం లేదు! రోడ్లు బాగుపడాలంటే టెండర్లూ, తీర్మానాలూ, తారు డ్రమ్ములూ అక్కర్లేదు. నేలకి జానెడు ఎత్తులో పాకే ఓ ఖరీదైన కారూ, దాని పెయింటు మీద ప్రాణాలు పెట్టుకున్న ఓ యజమానీ ఉంటే చాలు.

నమ్మరా? అయితే మా బావ సంగతి వినండి.

మా బావ పళ్ళ డాక్టరు. "పంటి మీద ఎనామిల్ ఒకసారి పోతే మళ్ళీ రాదమ్మా" అని ముప్ఫయ్యేళ్ళుగా జనాన్ని హడలగొట్టి బతికినవాడు. యాభై ఎనిమిదో ఏట ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు. ఎక్కాలంటే ఒంగి, కూలబడి, లోపలికి జారాలి. దిగాలంటే మా అక్క చెయ్యందించాలి.

కారు ఇంటికొచ్చిన మూడో రోజు, ముందు వెళ్తున్న లారీ చక్రం కింద నుంచి ఓ కంకర రాయి లేచి బానెట్‌కి తగిలింది. టక్! ఆవగింజంత పెయింటు ఊడింది. బావ కారు పక్కకి ఆపి, పళ్ళు చూసే చిన్న అద్దం జేబులోంచి తీసి గాయాన్ని పరీక్షించాడు. ఆ రోజు క్లినిక్ తెరవలేదు. పంటినొప్పితో వచ్చినవాళ్ళు బుగ్గలు పట్టుకుని వెనక్కి పోయారు.

"ఏమైంది బావా, గొంతు అలా ఉందేం?" అని ఫోన్లో అడిగాను.

"దెబ్బ తగిలిందిరా."

"అయ్యో! ఎక్కడ?"

"కుడి లైటుకి కాస్త పైన."

నాకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది.

మర్నాడే ఫిల్మ్ అతికించే నిపుణుడు దిగాడు. కారంతటికీ కంటికి ఆనని ప్లాస్టిక్ పొర అతికిస్తాడట. రాళ్ళు వచ్చి ఆ పొరకి తగులుతాయి, పెయింటు మాత్రం కింద హాయిగా నిద్రపోతుంది. అతను పని చేసిన రెండు రోజులూ బావ ఆపరేషన్ థియేటర్ బయట మనిషిలా పచార్లు చేశాడు.

"ఇక నిశ్చింతగా తిరగండి సార్," అన్నాడు నిపుణుడు చేతులు తుడుచుకుంటూ.

"మరి ఈ ఫిల్ముకి గీత పడితే?"

నిపుణుడు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో అతని వ్యాపారం రెట్టింపయింది!

"దాని మీద కోటింగ్ వేద్దాం సార్."

కోటింగ్ మీద మెత్తటి కవరు. కవరు మాయకుండా షెడ్డు. షెడ్డు గోడ రాసుకోకుండా చుట్టూ స్పాంజి. మా అక్క చీర కొంగు తగిలినా "జాగ్రత్త!" అని కేక. ఇంత భద్రంగా ఏ దేశపు కిరీటాన్నైనా దాచారా?

ఇక డ్రైవింగ్ చూడాలి! లారీకి వంద గజాల దూరం పాటించేవాడు. ఆ ఖాళీలో ఓ వ్యాను దూరేది. వ్యానుకి మళ్ళీ వంద గజాలు. అందులోకి ఇంకో బండి. అలా వెనక్కి వెనక్కి జరిగి, విమానంలా దూసుకుపోగల కారులో, నడిస్తే పది నిమిషాలు పట్టే క్లినిక్‌కి అరగంటకి చేరేవాడు. పొద్దున్నే వాకింగ్ చేసే పెద్దాయన ఒకరు కారుని దాటిపోతూ చెయ్యి ఊపేవారు.

అయితే అసలు శత్రువు లారీ కాదు, సొంత వీధే. పైపులు వేస్తామని ఏడాది కిందట తవ్వారు, కంకర పోశారు, తారు సంగతి మర్చిపోయారు. కారు రావడానికి మూడు నెలల ముందు ఆ కంకర మీదే మా అక్క స్కూటర్ జారి పడింది. ఆమె బడిలో లెక్కల టీచరు. కుడి మణికట్టు విరిగింది, మోచేతి దాకా చర్మం లేచిపోయింది. నెలన్నర పాటు బోర్డు మీద ఎడంచేత్తో లెక్కలు చేసింది. రోడ్ల ఆఫీసుకి నాలుగు అర్జీలూ ఆ ఎడంచేత్తోనే రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు.

బావ మాత్రం వెంటనే స్పందించాడు. "కాస్త చూసుకుని నడపొద్దూ?" అన్నాడు.

కారుని ఆ మాట అనలేదు.

ఓ ఆదివారం ఉదయం బావ చీపురు పట్టుకుని వీధిలోకి దిగాడు. మాస్కు, గ్లౌజులు, తెల్లకోటు! గేటు నుంచి మలుపు దాకా ఒక్కొక్క రాయీ ఏరి ఊడ్చాడు. సోమవారమూ అంతే. మంగళవారమూ అంతే. వారం తిరిగేసరికి వీధిలో స్కూటర్లు జారడం మానేశాయి. చూశారా స్పోర్ట్స్ కారు మహిమ? నేను ఊరికే చెప్తానా?

అక్క గేటు దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"ఏమండీ, నేను పడినప్పుడు ఈ చీపురు ఎక్కడుంది?"

బావ చేతిలో చీపురు ఆగింది.

"నాకు తట్టలేదు," అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే అతనికి మరీ సిగ్గేసింది.

ఆ పూట క్లినిక్‌కి నడిచి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, రోడ్ల ఆఫీసుకి ఐదో అర్జీ తనే రాశాడు. ఎవరు ఎలా పడ్డారో, చెయ్యి ఎలా విరిగిందో అంతా రాసి, ఎందుకైనా మంచిదని చివర్లో బానెట్ ఫోటో కూడా అంటించాడు.

మూడో రోజుకల్లా రోడ్ల ఆఫీసు ఇంజనీరు ఫారం పట్టుకుని ఇంటికే వచ్చాడు! షెడ్డు తెరిపించి, కవరు తీయించి, బానెట్ మీదికి వంగాడు. ఫిల్ము కింద ఆవగింజంత గాయం అలాగే ఉంది.

"అయ్యయ్యో! ఎంత పని జరిగింది సార్!" అని నొచ్చుకున్నాడు. పక్కనే నిలబడ్డ మా అక్క వైపు తిరిగి, "అమ్మా, కాస్త జరుగుతారా? మీ నీడ పడుతోంది," అన్నాడు.

అక్క జరగబోయింది.

"నువ్వుండు," అన్నాడు బావ. "ముందు ఆవిడ చెయ్యి చూడండి. అర్జీలో రాసింది దాని గురించే."

ఇంజనీరు ఫారం అటూ ఇటూ తిప్పాడు. మర్యాదస్తుడు, నిజంగానే వెతికాడు.

"చేతికి గడి లేదు సార్. వాహనానికే ఉంది."

అప్పుడు మా బావ, ఈగ వాలినా ఓర్చుకోలేని మా బావ, అక్క కుడిచెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ బానెట్ మీద పెట్టాడు. ఉంగరం ఫిల్ము మీద సర్రున గీసుకుపోయింది. అతను అటు చూడలేదు.

"ఇప్పుడు తియ్యండి ఫోటో."

తీశాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా పాకిన మచ్చ, దాని పక్కన ఆవగింజంత చుక్క.

వారానికల్లా తారు రోడ్డు పడింది. నల్లగా, నున్నగా, ముచ్చటగా! వెనకాలే ఉత్తర్వు కాపీ కూడా ఇంటికి వచ్చింది. అక్క దాన్ని పిల్లలకి లెక్క చెప్పినట్టు, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ పైకి చదివింది:

"కారణము: సదరు వీధిలో సంచరించు ఒక వాహనము యొక్క పెయింటు రక్షణ. ఛాయాచిత్రమునకు అడ్డు వచ్చిన చెయ్యి పరిగణనలోకి తీసుకొనబడలేదు."