రెండు మాటల శీర్షిక

ఆ పొద్దున ఆ ఇంట్లో పనులు రెండే. తాతయ్య దవడపన్ను పీకించుకోవాలి, మనవరాలు బ్లాగు గట్టెక్కించాలి. రెండింట్లో పన్ను పనే తేలికని తర్వాత తేలింది.

బ్లాగు క్లాసులో ఇచ్చిన పని. బయటివాళ్ళు ఒక్కరైనా చదివి, దాని కింద ఒక వాక్యం రాయాలి. లేదంటే సున్నా. గడువు ఆ సాయంత్రమే. ఇన్నాళ్ళూ ఆ పిల్ల రాతలు చదివింది తాతయ్య ఒక్కరే. ఇంటివాళ్ళ మెప్పు చెల్లదని కంప్యూటర్ మాస్టారు ముందే తేల్చేశాడు. సలహాలకు మాత్రం లోటు చెయ్యలేదు.

"ఇంట్లో జరిగిందే రాయండి. శీర్షిక రెండు మాటలు దాటితే ఎవడూ ఆగడు. ఎవరేం రాసినా వెంటనే జవాబివ్వండి."

ఆ ఇంట్లో ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు, పోతారు. బడికి పోతారు, బజారుకి పోతారు. అందుకని పిల్ల "తాతయ్య పన్ను పీకించుకోడానికి పోయారు" అని శీర్షిక పెట్టింది. వేళ్ళు ముడిచి చూసుకుని నడిమి మాటలు కొట్టేసింది. "తాతయ్య పోయారు" మిగిలింది. పంటి కథంతా కింద రాసింది. ఎవరు రాసినా దానంతటదే పోయేలా ఒక జవాబు అమర్చి, ఫోను ఇంట్లో పెట్టి బడికి పోయింది.

శీర్షిక కింద కూడా ఏదో ఉంటుందని నమ్మే పాఠకుడు ఇంకా పుట్టలేదు కదా!

ముందు చూసింది తాతయ్యతో చదరంగం ఆడే మిత్రుడు. తాతయ్య గుర్రాన్ని దొంగచాటుగా జరుపుతాడని ఏళ్ళ తరబడి వీధంతా చాటిన మనిషి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రాశాడు: "అంత నిజాయితీగా ఆడేవాణ్ణి ఇక చూడను. గుర్రాన్ని జరిపింది ఎప్పుడూ నేనే."

ఠక్కున జవాబొచ్చింది. "ధన్యవాదాలు! మీ ప్రోత్సాహం వల్లే ఇది సాధ్యమైంది. వచ్చే వారం ఇంకొకటి ఉంటుంది, తప్పక చూడండి."

ఆయనకు ముచ్చెమటలు పోశాయి. నానమ్మకు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, బావ పోయాడటగా?"

"పొద్దున్నే పోయారన్నయ్యా. రాత్రంతా ఒకటే నొప్పి."

"అయ్యో! ఎలా పోయాడమ్మా?"

"బస్సులోనే. కిటికీ పక్క సీటు దొరికిందట, హాయిగా పోయారు."

"పక్కన నువ్వు లేవా?"

"నేనెందుకూ? ఇవాళ్టితో పీడ విరగడైపోతుంది. దానికి మీరు ఏడుస్తారేమిటి, విడ్డూరం!"

సాయంత్రానికి వాకిలి నిండిపోయింది. ఒక్క పంటికి ఇంత అభిమానమా అని నానమ్మ పొంగిపోయి కుర్చీలు వేసింది. ఆవిడ చలాకీతనం చూసి పక్కింటావిడ, "పాపం, మతి చలించింది" అని కొంగుతో కళ్ళొత్తుకుంది. బడి నుంచి పిల్లా, పిల్ల వెనకాల పూలదండతో కంప్యూటర్ మాస్టారూ వచ్చారు.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. బుగ్గ బూరెలా ఉబ్బి, నోట్లో దూది కుక్కుకుని తాతయ్య వచ్చారు. మిత్రుడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. మాస్టారు దండ వీపు వెనక దాచాడు.

పిల్ల గబగబా లోపలికి పోయి ఫోను తెచ్చి చూసింది. విషయం అర్థమై ఏడుపు లంకించుకుంది. తాతయ్య ఫోను లాక్కుని చదివారు. చదివినకొద్దీ ఉబ్బని బుగ్గ కూడా ఉబ్బింది.

"ఆ వాక్యం తీసెయ్ తల్లీ. చచ్చాడు కదా అని రాశాను," అన్నాడు మిత్రుడు, నేల మీద నుంచే.

తాతయ్య ఫోను మీద అరచెయ్యి మూసి "ఊహూఁ" అన్నారు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "తీస్తే పాపకు సున్నా వస్తుందండీ. మిగతావాళ్ళంతా చేతులు జోడించిన బొమ్మలే పెట్టారు. బొమ్మలకు మార్కుల్లేవు. వాక్యం మీదొక్కటే."

పిల్ల కన్నీళ్ళతో మిత్రుడి వంక చూసింది. ఆయన కుర్చీ వంక చూశాడు, తాతయ్య బుగ్గల వంక చూశాడు. "పిల్ల కోసం ఉంచండి. వీడి కోసం కాదు," అని పళ్ళు నూరాడు. నూరడానికి ఆయనకింకా అన్నీ ఉన్నాయి.

పిల్ల గట్టెక్కింది. మరుసటి వారం అదే పద్ధతిలో, రెండు మాటల్లోనే, "తాతయ్య వచ్చారు" అని పెట్టింది.

చదివింది తాతయ్య ఒక్కరే.