పన్నెండు మెట్ల తర్వాత ర్యాంపు

ప్రాచీనమైన మన కోట ఇకపై సర్వజనులకూ అందుబాటులో ఉంటుందని పురావస్తు శాఖ సగర్వంగా ప్రకటించింది. ప్రారంభోత్సవానికి సర్వజనుల తరఫున ఒక చక్రాల కుర్చీ కావలసి వచ్చింది. వెతగ్గా వెతగ్గా పాత తాపీమేస్త్రీ దొరికాడు. పదకొండేళ్ళ కిందట ఆ కోట బురుజుకే మరమ్మతు చేస్తూ పరంజా మీంచి పడి నడుము విరిగిన మనిషి. ఇంతకన్నా అర్హుడు ఎక్కడ దొరుకుతాడని అధికారులు మురిసిపోయారు.

మేస్త్రీకీ ఆశ పుట్టింది. తను సగంలో వదిలేసిన బురుజు పూర్తయ్యాక ఎలా ఉందో ఇంతవరకూ చూడలేదు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. కూతురు కుర్చీ చక్రాలకు నూనె పెట్టింది.

కోట వాకిట్లో ఇద్దరూ ఆగిపోయారు. ర్యాంపు ఉంది. నున్నగా, రెండు పక్కలా స్టీలు కడ్డీలతో, దిష్టి తగిలేంత అందంగా ఉంది. పన్నెండు మెట్లు ఎక్కాక మొదలవుతుంది.

"అదేంటండీ, మెట్లెక్కాక ర్యాంపా?" అంది కూతురు.

"కింది మెట్లు నాలుగొందల ఏళ్ళ నాటివమ్మా. వాటి జోలికి వెళ్ళకూడదు," అన్నాడు ఇంజనీరు, చంటిపిల్లకి చెప్పినట్టు.

"అవి నేను వేసినవే సార్," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా. "పాతవి అరిగిపోయాయని మీ ఆఫీసువాళ్ళే వేయించారు."

ఈ చారిత్రక సమాచారాన్ని ఇంజనీరు నమోదు చేసుకోలేదు.

అంతలో మంత్రిగారు వేంచేశారు. అధికారులు మేస్త్రీని మర్యాదగా ప్లాస్టిక్ కుర్చీలోకి మార్చి, చక్రాల కుర్చీని పైకి మోసుకెళ్ళారు. అందులో మంత్రిగారు కూర్చున్నారు. వెనక నుంచి ఆరుగురు తోశారు.

"వీళ్ళ బాధ ఎలా ఉంటుందో ఈ రోజు స్వయంగా అనుభవించాను!" అన్నారాయన మైకులో. "చాలా హాయిగా ఉంది!"

చప్పట్లు మోగాయి. మేస్త్రీ కూడా కొట్టాడు. అలవాటు.

మంత్రిగారు వెళ్ళాక, చక్రాల కుర్చీ మేస్త్రీకి తిరిగొచ్చింది. ర్యాంపు కట్టిన కూలీలు నలుగురు వచ్చారు. "రా మావా, మేం ఎత్తుకెళ్ళి చూపిస్తాం" అంటూ కుర్చీ పట్టుకున్నారు. కాపలాదారు పరుగున వచ్చి కొత్త బోర్డు చూపించాడు: 'నడవలేని సందర్శకులను మోసుకెళ్ళుట వారి ఆత్మగౌరవమునకు భంగకరము. నిషేధించడమైనది.' ఆత్మగౌరవం దక్కినందుకు మేస్త్రీ కూలీలకు దణ్ణం పెట్టి పంపేశాడు.

జనం పైనుంచి దిగుతున్నారు. ఒక పెద్దావిడ ఆగి, జాలిగా అతని భుజం తట్టింది.

"బురుజు ఎలా ఉందమ్మా?" అనడిగాడు మేస్త్రీ ఆత్రంగా.

"బురుజా? అంతదూరం ఎవరెళ్తారు బాబూ! ర్యాంపు దగ్గరే ఫోటోలు దిగాం. మీలాంటివాళ్ళ కోసం ఇంత చేశారు, నువ్వూ ఒకసారి ఎక్కి చూడాల్సింది. ఎందుకింత బద్ధకం?"