పేలని రివాల్వర్‌కు సన్మానం

అమెరికాలోని షాంటిలీ వాస్తవ్యులు, రిటైరైన మత్తు డాక్టరు వాసుదేవరావు గారి ఇంటికి నూట ఇరవై ఏళ్ళ నాటి టార్గెట్ రివాల్వర్ క్షేమంగా చేరినదనీ, ఆదివారం మధ్యాహ్నం దర్శనం, అనంతరం భోజనాలు ఉంటాయనీ తెలుగు సంఘం సభ్యులందరికీ ఈమెయిల్ వచ్చింది. పిల్లలను తప్పక తీసుకురావలసిందిగా ప్రత్యేక మనవి.

డాక్టరుగారి సేకరణలో ఇది పదకొండవది. కాగితం మీది నల్లచుక్కను కొట్టే పోటీల కోసం పొడుగు గొట్టంతో చేసిన తుపాకీ. దీని గొప్పతనమంతా ఇంతవరకు ఒక్కసారి కూడా పేలకపోవడంలో ఉంది. పేలితే విలువ పోతుంది. చేయవలసిన పని చేయకుండానే ఇంత గౌరవం సంపాదించిన వస్తువు సంఘం కార్యవర్గానికి సహజంగానే నచ్చింది.

రివాల్వర్లకు తేమ పడదు. కాబట్టి వాటికి ఏసీ గది ఏర్పాటైంది, ఆవిరి తగలకుండా ఆయన భార్య సరోజగారి పొయ్యి గరాజ్‌కి మారింది. ఏడాదిగా ఆమె చలికోటు వేసుకుని తాలింపు పెడుతున్నారు. సంఘం పత్రిక దీన్ని త్యాగమని రాసింది. ఆమె ఇంకేదో అన్నారట గానీ, స్థలాభావం వల్ల అది అచ్చు కాలేదు.

సభ మొదలైంది. అధ్యక్షులు రాధాకృష్ణగారు రివాల్వర్‌కు కుంకుమబొట్టు పెట్టబోయారు. నికెల్ పూత పాడవుతుందని డాక్టరుగారు అడ్డుపడ్డారు. పెట్టె మీదైనా పెడదామంటే, పెట్టె కూడా ఒరిజినలే. చర్చల అనంతరం బొట్టు డాక్టరుగారి నుదుట పెట్టి, హారతి ఆరడుగుల దూరం నుంచి ఇచ్చారు.

"ఆయుధంలో కూడా అందాన్ని చూడగలిగిన సంస్కారం మనది. దీని ముందు నిలబడితే భయం కాదు, భక్తి కలుగుతోంది" అన్నారు అధ్యక్షులు. చప్పట్లు మోగాయి.

డాక్టరుగారు తెల్లటి నూలు గ్లవ్స్ తొడుక్కుని రివాల్వర్‌ను పైకెత్తి చూపారు.

సరిగ్గా అప్పుడు హాల్లో లైట్లు ఆరిపోయాయి. ఆర్పింది డాక్టరుగారి మనవరాలు ఇషా, సెకండ్ గ్రేడ్. వాళ్ళమ్మ ఉజ్వల హాస్పిటల్ డ్యూటీకి వెళ్తూ ఆ పిల్లను ఇక్కడ దింపింది. ఇషా అరవలేదు, ఏడవలేదు. అతిథుల పిల్లలిద్దరిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, డైనింగ్ టేబుల్ కింద గోడకు ఆనించి కూర్చోబెట్టి, పెదాల మీద వేలు పెట్టుకుంది. ఎవరైనా తుపాకీతో వస్తే ఏం చేయాలో బడిలో నేర్పినది నేర్పినట్టే చేసింది.

పెద్దలు ముచ్చటపడ్డారు. ఇంత క్రమశిక్షణ మన రోజుల్లో లేదని ఒకరన్నారు. టేబుల్ కిందికి ఫోన్ల వెలుగు వేసి కొందరు ఫొటోలు తీశారు. పిల్లకు ప్రశంసాపత్రం ఇవ్వాలని కార్యవర్గం అక్కడికక్కడే తీర్మానించింది.

ప్రశంసాపత్రం మాట విన్నా ఇషా బయటికి రాలేదు. డాక్టరుగారు వంగి, ఇది యాంటిక్ అనీ, కాగితాలను మాత్రమే కాలుస్తుందనీ, తూటాలు కూడా దొరకవనీ వివరించారు. పిల్ల వినలేదు. ప్రమాదం తప్పింది, ఆల్ క్లియర్ అని ప్రిన్సిపల్ చెప్పాలట. రాధాకృష్ణగారు గొంతు సవరించుకుని, అమెరికన్ యాసలో ఆల్ క్లియర్ ప్రకటించారు.

"మీరు ప్రిన్సిపల్ కాదు అంకుల్" అని గుసగుసగా జవాబొచ్చింది.

డాక్టరుగారు రివాల్వర్‌ను గదిలో పెట్టి తాళం వేసి వచ్చారు. ఫలితం లేదు.

"దాన్ని పైకి పిలవకండి. మీరే కిందికి వెళ్ళండి" అన్నారు సరోజగారు.

డెబ్బై రెండేళ్ళ మోకాళ్ళతో ఆయన టేబుల్ కిందికి దూరారు. ఒక గ్లవ్ తీసి మనవరాలి చెయ్యి పట్టుకుని చూశారు. చల్లగా ఉంది, నాడి పరుగెడుతోంది. నలభై ఏళ్ళు ఆపరేషన్ బల్ల మీద ఎందరి భయాన్నో మందుతో నిద్రపుచ్చిన మనిషికి ఏం చేయాలో తోచలేదు. ఏదో చెప్పబోతే పిల్ల ఆయన నోరు మూసింది.

"టాక్ చేయొద్దు తాతయ్యా. సౌండ్ వస్తే మనం ఇక్కడున్నామని తెలిసిపోతుంది."

ఆయన రెండో గ్లవ్ కూడా తీసేసి, పిల్లను ఒళ్ళోకి తీసుకుని, అలాగే కూర్చుండిపోయారు.

అప్పటికి రెండు దాటింది. అందరికీ ఆకలిగా ఉంది. లైట్లు వేసి, ఆ టేబుల్ మీదే వడ్డన ప్రారంభించారు. పులిహోర బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. కింద ఉన్న పిల్లలకు కాళ్ళు తగలకుండా ప్రతి ఒక్కరూ ఎంతో జాగ్రత్తపడ్డారు.