బాత్రూమ్ తలుపు, ఇనుప చిత్రిక

పదకొండింటికి చుట్టాలు వచ్చేలోగా బాత్రూమ్ తలుపు పని ముగించేయాలని ఆ ఆదివారం ఉదయం సైన్సు మాష్టారు నిర్ణయించుకున్నారు. వానలు మొదలైన దగ్గర్నుంచి ఆ తలుపు గడపకు రాసుకుంటోంది. భుజంతో నెడితే తప్ప మూసుకోదు, తన్నితే తప్ప తెరుచుకోదు. వస్తున్నదేమో భార్య అక్కగారు. ఆవిడకి నెట్టే ఓపికా లేదు, తన్నే అలవాటూ లేదు.

వడ్రంగికి ఫోన్ చేస్తే గంటలో వస్తాడని భార్య అంది. మాష్టారికి ఒళ్ళు మండింది. పోయిన నెలే పాత సామాన్ల దుకాణంలో ఆయన ఇనుప చిత్రిక ఒకటి కొన్నారు. వయసులో ఆయనకన్నా పెద్దది. వారం రోజులు గరుకు కాగితంతో రుద్ది తుప్పు వదిలించి, చెక్క పిడికి నూనె పట్టించి, బ్లేడుకు పదును పెట్టారు. అలాంటి పనిముట్టు ఇంట్లో ఉండగా, కరెంటు మిషనుతో చెక్కని పిండి చేసేవాణ్ణి పిలవడమా?

తలుపు ఊడదీసి పెరట్లో ఆనించి చిత్రిక పట్టారు. అది జారింది, ఎగిరింది, కీచుమంది. ఒక్క పొర కూడా లేవలేదు. అరగంటకి మాష్టారి చొక్కా తడిసింది, తలుపుకి మాత్రం గీత పడలేదు. వెన్నలా కోస్తుందని చెప్పి అమ్మిన దుకాణం పెద్దావిడ గుర్తొచ్చింది. పట్టపగలే ఇంత దగానా? ఆ క్షణమే సరుకుల ఆటో పిలిచి తలుపు ఎక్కించారు.

"తలుపెందుకండీ?" అంది భార్య.

"సాక్ష్యం" అన్నారు మాష్టారు.

సందు మలుపులో ఆ ఆటోకి వదినగారి కారు ఎదురైంది. ఇల్లు ఖాళీ చేస్తూ తనకి మాటైనా చెప్పలేదని ఆవిడ అక్కణ్ణుంచే చెల్లెలికి ఫోన్ చేసి నిష్ఠూరమాడింది. తీరా వచ్చి చూస్తే, సామానంతా ఉంది, బాత్రూమ్ తలుపొక్కటే లేదు. దాని స్థానంలో పువ్వుల దుప్పటి వేలాడుతోంది.

"మేం రావడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా" అందావిడ. చెల్లెలు ఏడవలేక నవ్వి, వెంటనే వడ్రంగికి ఫోన్ చేసింది.

అక్కడ దుకాణంలో మాష్టారు మోసం, నమ్మకద్రోహం అంటూ పావుగంట ఏకధాటిగా మాట్లాడారు. పెద్దావిడ చివరిదాకా విని, చిత్రిక విప్పి, బ్లేడు తిరగేసి బిగించింది.

"బోర్లా పెట్టారు మాష్టారూ."

తలుపు అంచున ఒక్కసారి తోసింది. ఉల్లిపొరలాంటి చెక్క చుట్ట ఒకటి లేచి ఆయన చెప్పు మీద పడింది. చూస్తున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

మాష్టారి కోపానికి పోయే దారి లేక తలుపు మీదకి మళ్ళింది. చిత్రిక లాక్కుని, తనకీ చేతనవునని చూపించడం మొదలుపెట్టారు. పొరలు లేస్తున్నకొద్దీ చెయ్యి ఆగలేదు. చాలని పెద్దావిడ రెండుసార్లు చెప్పింది. సరుకు అమ్మినంత మాత్రాన సలహాలు కూడా ఇవ్వనక్కర్లేదని ఆయన కసురుకున్నారు. నాలుగు అంచులూ అద్దంలా మెరిశాకే ఆటో ఎక్కారు.

ఇంటికొచ్చేసరికి వడ్రంగి ఖాళీ ద్వారబంధం దగ్గర నిలబడి ఉన్నాడు.

"పై బందు స్క్రూలు చేత్తోనే ఊడొచ్చి ఉంటాయే?" అన్నాడు.

అది మెచ్చుకోలనుకుని మాష్టారు తలాడించారు.

"అందుకే తలుపు కిందికి వాలి రాసుకునేది. పొడుగు స్క్రూలు తెచ్చాను. తలుపులో ఏ లోపమూ లేదు. దాన్ని మాత్రం కొయ్యకండి."

మాష్టారు ఆటోలోంచి తలుపు దించారు. అతను తలుపు బిగించాడు. గడపకీ తలుపుకీ మధ్య నాలుగు వేళ్ళు, గడియ వైపు రెండు వేళ్ళు పట్టే సందు తేలింది. వదినగారు చేతిసంచీ తీసుకుని, వెంట వచ్చిన భర్తని లేవమంది. ఇంతకీ తప్పంతా ఇల్లు కట్టినప్పుడు స్క్రూ పెద్దది వేయని మేస్త్రీదేనని మాష్టారు ఆవిడని కారు దాకా సాగనంపుతూ వాదించారు.

ఆ తలుపు ఇప్పుడు చిటికెన వేలితో మూసుకుంటుంది. లోపల ఎవరున్నారని బయటినుంచి అడగాల్సిన పని కూడా లేదు.